హైక్ తక్కువైనందుకా, ఎందుకో చెప్పనందుకా?

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఐటీ కంపెనీలో మూడేళ్లుగా పనిచేస్తోంది. ఈసారి తనతోపాటు చేరినవాళ్ల కంటే హైక్ (జీతం పెంపు) తక్కువ ఇచ్చారట. అప్పటినుంచి ఆఫీసు పేరెత్తితే చిరాకు. రిజైన్ చేస్తానంటోంది. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: 'సర్దుకుపోమ్మా' అని మాత్రం అనకండి. ఆ మాట మేనేజరే ఈపాటికి చెప్పి ఉంటాడు.

కోపం డబ్బు తగ్గినందుకా, ఎందుకు తగ్గిందో ఎవరూ చెప్పనందుకా? ముందు అది కనుక్కోండి. మారతహళ్లి పీజీల్లో ఉండే మన పిల్లలు నా దగ్గర మొదట హైక్ శాతమే చెబుతారు. కాసేపటికి అసలు బాధ బయటికొస్తుంది: "ఏడాదంతా బాగా చేస్తున్నావన్నారు. చివరికి మెయిల్లో రేటింగ్ పడేశారు. అడిగితే బెల్ కర్వ్ అన్నారు." (అంటే, మంచి రేటింగ్ ఇంతమందికే అని ముందే కోటా పెట్టుకోవడం.)

జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1990లో ఒక అధ్యయనం ప్రచురించాడు. అమెరికాలో ఒక కంపెనీ కాంట్రాక్టులు పోయి, రెండు ప్లాంట్లలో 10 వారాలపాటు జీతాలు 15 శాతం కోసింది. ఒకచోట లెక్కలు చూపించి, నొచ్చుకుంటూ చెప్పి, అడిగినవాటికల్లా జవాబిచ్చారు. రెండోచోట ముక్తసరిగా చెప్పి వెళ్లిపోయారు. కోత ఒక్కటే అయినా, రెండోచోట దొంగతనాలు ఎక్కువయ్యాయి, ఉద్యోగం మానేసినవాళ్లూ ఎక్కువే.

ఐటీలో నట్లూ బోల్టులూ ఎత్తుకెళ్లేదేముంది! అక్కడ ఆరు కాగానే ల్యాప్‌టాప్ మూసేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పడం మానేస్తారు. మీటింగులో తప్పు కనిపించినా నోరు విప్పరు. ఇవేవీ వాళ్ల డ్యూటీ కాదు కాబట్టి ఎవరూ నిలదీయరు. ఈఎంఐ కోసం ఉన్నట్టు ఉంటారంతే. మీ అమ్మాయి ఈ దారిలో పడితే వచ్చే రేటింగూ పోతుంది, అదే నా భయం.

అందుకని మేనేజర్‌తో ఒకసారి విడిగా మాట్లాడమనండి. ఏడాదిలో తను చేసిన పనులు రాసుకుని వెళ్లాలి. "వాడికెంత, నాకెంత" అని మొదలుపెడితే మాట అక్కడే తెగిపోతుంది. "నా రేటింగ్ దేన్నిబట్టి ఇచ్చారు, వచ్చేసారి ఏం చూస్తారు" అని అడగాలి. (ఒకే పనికి ఆడపిల్లలకే తక్కువ ఇస్తున్నారని తేలితే మాత్రం అది వేరే కథ. 1976 నుంచే చట్టం ఒప్పుకోదు. హెచ్ఆర్‌కి రాతపూర్వకంగా ఇవ్వాల్సిందే.)

సూటిగా కారణం చెబితే, అది చేదుగా ఉన్నా, ఇంకో ఏడాది చూడటం మంచిది. నీళ్లు నమిలితే వేరేచోట వెతుక్కోమనండి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రిజైన్ చేయాలి. నోటీస్ పీరియడ్ చాలా కంపెనీల్లో రెండు మూడు నెలలు ఉంటుంది. అన్నాళ్లూ పని వదిలేయకుండా చేయమనండి. కొత్తచోట రిలీవింగ్ లెటర్ (పని ముగించి వెళ్లారని పాత కంపెనీ ఇచ్చే కాగితం) అడుగుతారు.