సముద్రంలో చప్పుడు, చెరువులో మెత్తపెంకు

ప్రశ్న: ఉప్పుటేరు నీటితో రెండెకరాల్లో వనామీ వేశాను. పంటకు 45 రోజులు. సముద్రం ఆమ్లంగా మారుతోందని, అందువల్ల నీటిలో శబ్దం ఎక్కువ దూరం పోయి జలచరాలు దెబ్బతింటున్నాయని చదివాను. మా రొయ్యల్లో కొన్నింటి పెంకు మెత్తగా ఉంది. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పి.హెచ్. (7 దాటితే క్షారం) మధ్యాహ్నం 8.6 చూపిస్తోంది. సముద్రపు నీరే కారణమా? నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల మోత తగ్గించాలా?
– ఒక రైతు, మొగల్తూరు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఏరియేటర్లు మాత్రం ఆపకండి. మోతకు పెంకు మెత్తబడదు. ఆపితే తెల్లవారేసరికి ఆక్సిజన్ చాలక రొయ్యలు తేలతాయి.

మీరు చదివింది అబద్ధం కాదు, కానీ మీ చెరువు జబ్బు అది కాదు. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటోంది. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉన్న పైనీటి పి.హెచ్. ఇప్పుడు 8.1 దగ్గరకు దిగింది. సముద్రం పులుసైపోలేదు, ఇంకా క్షారమే. అయితే పి.హెచ్. లెక్కలో ఆ 0.1 అంటే ఆమ్లత పావు వంతు పెరిగినట్టు.

ఇక శబ్దం. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పొడి తెలుసు కదా, ఆ జాతి పదార్థం సముద్రంలో కొద్దిగా కరిగి ఉంటుంది. తక్కువ స్థాయి (మంద్ర) శబ్దాలు సాగుతున్నప్పుడు బోరేటు, బోరికామ్లం ఒకదానిలోకి ఒకటి మారుతూ వాటి శక్తిని కొంత మింగుతాయి. పి.హెచ్. తగ్గితే బోరేటు తగ్గి, ఆ మింగుడూ తగ్గుతుంది. పి.హెచ్. 0.3 దిగితే ఇది 40 శాతం దాకా తగ్గవచ్చని 2008లో లెక్కగట్టారు. వార్తలన్నీ ఆ అంకెనే పట్టుకున్నాయి. కానీ వెయ్యి హెర్ట్జ్ శబ్దానికి ఆ మింగుడు కిలోమీటరుకు డెసిబెల్‌లో పదో వంతు కూడా లేదు. గోరంతలో 40 శాతం పోతే ఎంత? సముద్రపు రొద పెద్దగా మారదని తర్వాతి లెక్కలు తేల్చాయి. వందల కిలోమీటర్ల దూరాలకు సంబంధించిన ఈ గొడవకు మీ రెండెకరాల్లో చోటు లేదు.

నా దృష్టిలో అసలు దిగులు పెంకు గురించే. అమెరికాలోని ఒరెగాన్ తీరంలో 2007, 2008లలో హేచరీల్లో (పిల్లలను పొదిగించే కేంద్రాల్లో) ఆయిస్టర్ల, అంటే ఆల్చిప్పల, పిల్లలు కుప్పలుగా చనిపోయాయి. లోతుల నుంచి పైకి వచ్చిన చల్లని, కార్బన్ డయాక్సైడ్ నిండిన నీటిలో వాటికి పెంకు కట్టలేదు. లోపలికి తోడే నీటిలో సోడా యాష్ కలిపాక గాని నిలదొక్కుకోలేదు.

మీ చెరువు కథ వేరు. సముద్రం రెండు వందల ఏళ్లలో 0.1 కదిలితే, చెరువు పొద్దున్నుంచి సాయంత్రానికే అంతకు ఎన్నో రెట్లు కదులుతుంది. ఎండలో ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ నాచు) కార్బన్ డయాక్సైడ్‌ను వాడేసుకుంటే పి.హెచ్. ఎక్కుతుంది, రాత్రి అన్నీ కలిసి వదిలితే దిగుతుంది. మధ్యాహ్నం 8.6 చూసి మీరు ఊరుకున్నారు. తెల్లవారుజామున 5 గంటలకు చూడండి. రెండింటి మధ్య తేడా 0.5 దాటితే ఆల్కలినిటీ (పి.హెచ్.ను ఊగిపోకుండా పట్టి ఉంచే గుణం) చాలడం లేదేమోనని అనుమానించాలి. అది 100 పి.పి.ఎం. (పది లక్షల్లో వంద వంతులు) కన్నా తగ్గకూడదు, 120 పైన ఉంటే మేలు. వానలకు ఏరు నీరు పలచబడితే పెంకుకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం కూడా పడిపోతాయి, కాబట్టి ఉప్పు శాతంతో పాటు వాటినీ పరీక్ష చేయించండి.

తక్కువని తేలితే ఎకరాకు 40–50 కిలోల డోలమైట్ (కాల్షియం, మెగ్నీషియం ఉన్న రాతి పొడి) నానబెట్టి సాయంత్రం చల్లండి, రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ చూసుకోండి. త్వరగా పెరగాలంటే సోడియం బైకార్బొనేట్ మంచిది. మధ్యాహ్నం 8.6 ఉన్న నీటిలో కాల్చిన సున్నం వేయకండి. పి.హెచ్. ఇంకా ఎక్కి, ఉన్న అమ్మోనియాయే విషమవుతుంది.

ఇంకొకటి. అమావాస్య, పౌర్ణమి దగ్గర పెంకు వదిలిన రొయ్య ఒకటి రెండు రోజులు మెత్తగానే ఉంటుంది, అది జబ్బు కాదు. చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో) పది రొయ్యలు తీసి వీపు మీద బొటనవేలితో నొక్కండి. కాగితంలా లోపలికి పోయి, పెంకుకు కండకు మధ్య ఖాళీ తగిలితే అది వేరే సంగతి, మేత కూడా సరిచూడాలి. నాలుగు రోజుల పాటు ఉదయం, మధ్యాహ్నం అంకెలు రాసి పంపండి. నొక్కి చూసిన రోజు ఏ తిథో కూడా రాయండి.