రేడియేషన్‌తోపాటే రెండు కీమో మందులూ ఇచ్చేయొచ్చుగా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాన్నకి 61 ఏళ్లు, రెక్టల్ క్యాన్సర్ (పెద్దపేగు చివరి భాగంలో) అన్నారు. ఎమ్మారైలో గడ్డ పేగు గోడ దాటిందట, పక్కన లింఫ్ నోడ్స్‌కి కూడా ఉందట, వేరే అవయవాలకి మాత్రం పాకలేదు. 5 రోజులు రేడియేషన్, తర్వాత కేపాక్స్ అనే రెండు కీమో మందుల జోడీ 6 సైకిల్స్, అదంతా అయ్యాకే ఆపరేషన్ అంటున్నారు. ఇన్ని నెలలు ఆగితే ముదిరిపోదా? ఆ రెండు మందులూ రేడియేషన్‌తోపాటే ఇచ్చేస్తే త్వరగా అయిపోతుంది కదా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆగడం కాదమ్మా, ట్రీట్‌మెంట్ మొదలైనట్టే. ఈ స్టేజ్‌లో అసలు భయం స్కాన్‌కి దొరకని కణాలు రక్తంలో కలిసి లివర్‌కో లంగ్స్‌కో వెళ్లడం, ఆపరేషన్ అయ్యాక కీమో ఇద్దామంటే చాలామంది నీరసపడిపోయి మధ్యలోనే ఆపేస్తారు, అందుకే ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ముందు ఇచ్చేస్తున్నారు. మీ నాన్నగారికి చెప్పిన పద్ధతిని రాపిడో అనే ట్రయల్‌లో చూశారు, 2021లో రిజల్ట్స్ వచ్చాయి. ఆపరేషన్‌లో తీసిన ముక్కలో క్యాన్సర్ కణం ఒక్కటీ మిగలనివాళ్లు పాత పద్ధతిలో (వారాల తరబడి రేడియేషన్, తర్వాత ఆపరేషన్) 14 శాతం, ఇందులో 28 శాతం. అయితే 5 ఏళ్లకి చూస్తే ఉన్నచోటే తిరిగొచ్చినవాళ్లు ఇందులోనే కాస్త ఎక్కువ, కాబట్టి తర్వాత చెకప్‌లు మానకండి.

కేపాక్స్‌లో కాపెసిటబిన్ మాత్ర కణానికి కొత్త డీఎన్ఏ కట్టుకునే సరుకు అందనివ్వదు, ఆక్సాలిప్లాటిన్ ఉన్న డీఎన్ఏని పాడుచేస్తుంది, అందుకే జోడీ. కానీ ఆక్సాలిప్లాటిన్‌ని రేడియేషన్‌తోపాటే ఇచ్చి చాలా ట్రయల్స్‌లో చూశారు, ఎన్ఎస్ఏబీపీ ఆర్-04లో అయితే గడ్డ ఎక్కువ కరిగిందేమీ లేదు, విరేచనాలు మాత్రం పెరిగాయి. అందుకే విడివిడిగా.

ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక కొన్ని రోజులు ఫ్రిజ్‌లో సీసా ముట్టుకున్నా వేళ్లలో సూదులు గుచ్చినట్టుంటుంది, చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేసి ఊపిరి అందనట్టవుతుంది, గోరువెచ్చటివే ఇవ్వండి. తర్వాతి సైకిల్‌కి కూడా తిమ్మిరి తగ్గకపోతే, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నా ఓర్చుకుంటాలే అని దాచొద్దు. ఆ ఒక్క మందు తగ్గించడమో ఆపేసి మాత్రలు కొనసాగించడమో చేయొచ్చు. జ్వరం 100.4 దాటితే మాత్రం రాత్రయినా సరే హాస్పిటల్‌కి వెళ్లాల్సిందే.

ఇంకా మొదలుపెట్టకపోతే రెండు టెస్టులు అడగండి. మొదటిది డీపీడీ, ఒంట్లో ఈ మందుని విరిచేసే ఎంజైమ్. అది తక్కువున్నవాళ్లకి కాపెసిటబిన్ మామూలు డోసు ప్రాణం మీదకి తెస్తుంది. రెండోది బయాప్సీ ముక్క మీద చేసే ఎంఎంఆర్, అంటే కణం తన డీఎన్ఏలో తప్పుల్ని సరిచేసుకునే ఏర్పాటు బాగుందో లేదో చూసే టెస్టు. అందులో లోపం ఉంటే, కొద్దిమందికే ఉంటుంది గానీ, ఉంటే ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే మందు, బాగా పనిచేస్తుంది. 2022లో ఈ లోపం ఉండి, డోస్టార్లిమాబ్ అనే అలాంటి మందు కోర్సు పూర్తిచేసిన మొదటి 12 మందిలో అందరికీ గడ్డ కనిపించకుండా పోయింది, అప్పటికి కీమో గానీ రేడియేషన్ గానీ ఆపరేషన్ గానీ ఎవరికీ అవసరం పడలేదు.