స్వర్ణ నారు వేళ్లకు నూగు లేకపోతే

మార్టేరు దగ్గర మీ స్వర్ణ రకం వరి నారు పీకితే వేళ్లకు నూగే లేదని, విత్తనం లోపమేమోనని అడిగారు. టెన్షన్ పడకండి. బురదలోంచి లాగితే ఆ సన్నని నూగు, అంటే మూలకేశాలు, మట్టితోనే తెగిపోతాయి. నీరు నిలిచిన చేలో వరికి అవి తక్కువగానే వస్తాయి కూడా.

మండె కట్టిన (నానబెట్టి మొలకెత్తించిన) గింజలు పది తీసి, తడి గుడ్డ మీద పరిచి, రెండు మూడు రోజులు కప్పి ఉంచండి. కొనకు కాస్త వెనక, వేరు చుట్టూ సమంగా తెల్లని నూగు వస్తే అవే మూలకేశాలు. సాలెగూడులా గింజ మీదికీ పాకితే మాత్రం అది బూజు, పొరబడకండి.

జన్యువుల మాటకొస్తే, భాస్వరం తక్కువైనప్పుడు ఓఎస్‌ఆక్స్1 అనే జన్యువు ఆక్సిన్ హార్మోన్‌ను వేరు కొన నుంచి వెనక్కి చేరవేసి మూలకేశాలను పొడవు పెంచుతుందని 2018లో తేలింది. ఎంత అందమైన ఏర్పాటో చూడండి! అందుకే ఒకే విత్తనం ఒక్కో నేలలో ఒక్కోలా వేరు పోస్తుంది. గుడ్డ మీద ఏం కనిపించిందో ఫొటో పెట్టండి.