అత్తారింట్లో మొదటి రంజాన్‌కు ఇల్లు సర్దుకుంటున్న నా మేనకోడలికి

బేటీ,

అస్సలాము అలైకుం. నువ్వు ఫోన్లో పంపిన ఫొటోలన్నీ చూశాను. బంగారు రంగు నెలవంకలు, బెలూన్ల తోరణాలు, గోడ నిండా బ్యానర్లు. వీటిలో ఏవి కొనమంటావు ఫుప్పూ అని అడిగావు. కొనే సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి చూసుకో. ఈ నెలంతా నమాజుకు ఎవరు ఎక్కడ నిలబడతారు, ఖురాన్ ఎక్కడ కూర్చుని చదువుతారు, తెల్లవారకముందు తినే సహరీకి లేచినవాళ్లు చీకట్లో ఎటు నడుస్తారు? రోజా, అంటే ఉపవాసం ఉన్న మనిషికి ఆసరా అయ్యేవి ముందు, వీధిలోంచి కనిపించేవి ఆఖర్న. ఇంటి అలంకరణలో నేను గట్టిగా నమ్మేది ఇదే.

సర్దుడంతా రంజాన్‌కు ముందొచ్చే షాబాన్ నెలలోనే అయిపోవాలి. షబే బరాత్ షాబాన్ 15వ రాత్రి కదా, అది అయ్యాక ఇంకో రెండు వారాలు చేతిలో ఉంటాయి. బూజు దులపడం, ఫ్యాన్ల రెక్కలు తుడవడం, కర్టెన్లు ఉతకడం, మేకులు కొట్టడం అన్నీ అప్పుడే కానిచ్చెయ్. రోజాలు మొదలయ్యాక స్టూలెక్కి వేలాడొద్దు. నీరసంలో కళ్లు తిరిగితే ఎవరు పట్టుకుంటారు? పైగా రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరిలో వచ్చింది. 2030లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబరు ఆఖర్లో ఇంకోసారి మొదలవుతుంది. అందుకని ఎండకైనా చలికైనా పనికొచ్చేవి, పండగయ్యాక మడిచి దాచుకోగలిగేవి చూసి కొనుక్కో.

అన్నిటికంటే ముందు నమాజు మూల. మీ హాల్లో టీవీకి ఎదురుగా ఉన్న చోటు వద్దు. లోపలి గదిలో కిటికీ పక్కన ఖాళీ ఉందన్నావుగా, అది బాగుంటుంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కిబ్లా, అంటే నమాజులో తిరగాల్సిన మక్కా దిక్కు, సరిగ్గా పడమర కాదు, పడమర నుంచి ఓ పన్నెండు డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. ఫోన్లో దిక్సూచి చూసేటప్పుడు బీరువాకీ, ఫ్రిజ్‌కీ దూరంగా నిలబడు. ఇనుము దగ్గర ముల్లు తప్పు చూపిస్తుంది. దిక్కు ఖాయం చేసుకున్నాక జానమాజ్ (నమాజు చాప) పరిచి, ఎదురుగోడను ఖాళీగా వదిలెయ్. మనుషుల ఫొటోలు, జంతువుల బొమ్మలు ఆ గోడకు ఉండకూడదు. తుగ్రా, అదే అరబ్బీ అక్షరాల పటం, పెట్టాలనిపిస్తే ఒక్కటి పెట్టు, అదీ తల కంటే ఎత్తులో. మెరిసే అద్దం ఫ్రేమయితే లైటు పడి నమాజులో కళ్లను లాగుతుంది, మామూలు చెక్క ఫ్రేమే నయం.

ఆ మూలలో ఖురాన్ పెట్టుకునే రెహల్, జపమాలలాంటి తస్బీ, దుపట్టా తగిలించుకోవడానికి ఒక కొక్కెం, పక్కన చిన్న టేబుల్ లైటు ఉంటే చాలు. వెలుగు పేజీ మీద పడాలి గానీ కళ్లలో కాదు. రోజుకో పారా చొప్పున ఖురాన్ ముప్పై భాగాలూ పూర్తి చెయ్యాలనుకుంటున్నావు. ఒంటిగంట రాత్రి తెల్లటి ట్యూబులైటు కింద కూర్చుంటే నిద్ర చెడుతుంది, పసుపు వెలుగు బల్బు పెట్టుకో. మీ అత్తగారు ఆఖరి పది రోజులు ఇంట్లోనే ఏతికాఫ్, అంటే ఒకే చోట ఏకాంతంగా ప్రార్థనలో, కూర్చుంటారని చెప్పావు. అలాగైతే ఆ మూల ఆవిడదే. పరుపు, మంచినీళ్ల కూజా, మాటుకి ఒక తెర ఆవిడ చెప్పినట్టే అమర్చు. ఇల్లంతటికీ చేసే అలంకరణలో దీనికి మించింది లేదని నా అభిప్రాయం.

సహర్ టైములు, సాయంత్రం రోజా విడిచే ఇఫ్తార్ టైములు ఉన్న కార్డు గురించి తప్పకుండా చెప్పాలి. నీకు హైదరాబాద్ స్నేహితులు అందమైన డిజైన్లతో కార్డులు పంపుతుంటారు. వాటిని ఫ్రేము కట్టి గోడకు తగిలించావంటే రోజాకే చేటు. శ్రీకాకుళం హైదరాబాద్‌కు బాగా తూర్పున ఉంది, పొద్దు సుమారు ఇరవై నిమిషాలు ముందే పొడుస్తుంది, ముందే కుంకుతుంది. అక్కడి టైము చూసి సహరీ తింటూ కూర్చుంటే ఇక్కడ రోజా మొదలయ్యే ఫజర్ (తెల్లవారు నమాజు) వేళ అయిపోయి ఉంటుంది. మీ ఊళ్లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన, కుతుబ్ షాహీల నాటి జామియా మసీదు ఉంది. అక్కడో, మీ పేట మసీదులోనో అడిగి మన ఊరి టైముల కార్డు తెచ్చుకో. సాదాగా ఉన్నా ఫరవాలేదు, చుట్టూ రంగు కాగితం అంటించి నువ్వే అందం చెయ్. హాల్లో కాదు, వంటింట్లో స్టవ్ నుంచి తలెత్తితే కనిపించే చోట అంటించు. పక్కనే గడియారం.

ఇక దీపాలు. లాంతర్లంటే నాకూ ఇష్టమే, మూడు లాంతర్ల కూడలి ఉన్న విజయనగరం దాన్ని. రంజాన్‌కు లాంతరు పెట్టే ఆనవాయితీ ఈజిప్టుది. మన ఇళ్లలోకి ఈమధ్యే వచ్చింది, అయినా ముచ్చటగా ఉంటుంది. బ్యాటరీతో వెలిగేది గుమ్మం లోపల ఒకటి, మెట్ల మలుపులో ఒకటి పెట్టు. సహరీకి లేచిన పెద్దవాళ్లకు దారి కనిపిస్తుంది, పెద్ద లైటు వేసి పిల్లల్ని లేపక్కర్లేదు. కొవ్వొత్తి లాంతరు కర్టెన్ దగ్గర అస్సలు వద్దు. సీరియల్ సెట్లు కిటికీ ఊచలకు చుట్టు, గుడ్డకు చుట్టకు. వైరు తివాచీ కింద నుంచి లాగకు, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు అన్నీ గుచ్చకు. రంజాన్ రాత్రుల తరావీహ్ నమాజు నుంచి మగవాళ్లు వచ్చాక ఆపెయ్. పక్కింట్లో ఎవరైనా పోయి దుఃఖంలో ఉంటే ఆ కొన్నాళ్లూ బయటి దీపాలు వెలిగించకు. ఈ మర్యాద మన వీధుల్లో అందరూ అందరికీ పాటిస్తారు.

ఇఫ్తార్ దగ్గరికొస్తే ప్లాస్టిక్ కవరు పరిచి ఫొటో తీసుకోవడం నాకు నచ్చదు. మీ పక్కనే పొందూరు ఉంది. వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి నేసే ఖాదీ అక్కడిది. సన్న రకం ఖరీదెక్కువ. ముతక రకం తెల్లటిది తీసుకుని నాలుగంచులూ కుట్టించుకుంటే ఏళ్ల తరబడి నిలిచే దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) అవుతుంది. పసుపు మరక పడితే సబ్బు పెట్టి తడిగానే ఎండలో ఆరెయ్, పోతుంది. బుడితి ఊళ్లో చేసే ఇత్తడి పళ్లెం ఒకటి సంపాదించు, ఖర్జూరాలకు. చింతపండుతో తోమి మధ్యలో పెట్టావంటే ఆ సాయంత్రానికి వేరే అలంకారం అక్కర్లేదు. అల్లా పేరు గానీ, ఆయత్ (ఖురాన్ వాక్యం) గానీ అచ్చేసిన గుడ్డలు, పేపర్ ప్లేట్లు, టిష్యూలు కొనకు. తిన్నాక అవి ఎక్కడికి పోతాయో ఆలోచించు.

బెలూన్లు, బ్యానర్ల సంగతి అడిగావు. ఖురాన్‌లో అల్ అఅరాఫ్ సూరా (అధ్యాయం) 31వ ఆయత్‌లో నమాజుకు చక్కగా తయారవమనీ ఉంది, తినండి తాగండి గానీ దుబారా చేయకండనీ ఉంది. అది ఒంటిమీది బట్టల గురించే అయినా ఇంటికీ అదే కొలత అని నేననుకుంటాను. అలంకరణ సంతోషం కోసం, దాన్ని ఇబాదత్‌లో, అంటే ఆరాధనలో కలపకు. మీ మామగారు ఇవన్నీ ఎందుకంటే వాదన పెట్టుకోకు, టెన్షన్ పడకు. అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఇంట్లో ఇంతకుముందు ఎలా చేసేవారో అడుగు. ఆవిడ చెప్పినవి ముందు చేసి, నీ సరదా ఒక గోడకు ఉంచుకో. ఆ గోడ మీ ఆడపడుచు పిల్లలకిచ్చెయ్. ముప్పై కాగితపు జేబులు అంటించి, రోజుకో మంచి పని రాసిన చీటీ వేస్తే వాళ్లే ఉత్సాహంగా తీసుకుంటారు.

పండగ 29 రోజాలకే రావచ్చు, 30కి రావచ్చు. చాంద్ (నెలవంక) కనిపించాక సర్దుదామనుకుంటే ఆ చాంద్ రాత్, పండగ ముందు రాత్రి, మెహందీకీ ఇస్త్రీకీ సరిపోతుంది. కాబట్టి 28వ రోజాకే ఈద్ సామాను బయటికి తీసెయ్. సోఫాలు గోడకు జరిపి, తెల్లటి చాందినీ దుప్పటి పరిచి, గోడవారగా దిళ్లు వేస్తే ఎంతమంది వచ్చినా సర్దుకుంటారు. గుమ్మానికి చేమంతి దండలు. వాకిట్లో చెప్పులకు విడిగా చోటు చూపించు, లేకపోతే పదిమంది రాగానే గుమ్మం మూసుకుపోతుంది. అత్తర్‌దాన్ లోపలికి రాగానే చేతికందేలా, షీర్ ఖుర్మా కప్పులు వంటింటి గట్టు మీద బోర్లించి ఉంచు. ఇరుగుపొరుగు హిందువుల ఇళ్ల నుంచి వచ్చేవాళ్లను ముందే లెక్కలో వేసుకో, వాళ్లు పిల్లలతో వస్తారు. పేదలకిచ్చే ఫిత్రా డబ్బు ఈద్ నమాజుకు ముందే చేరాలి. కవరు మీద పేరు రాసి రెండ్రోజుల ముందే మీ ఆయన చేతికివ్వు.

పండగయ్యాక ఆయత్‌లున్న కాగితాలు చెత్తబుట్టలో వెయ్యకు, విడిగా తీసిపెట్టి మసీదులో అప్పగించు. దీపాలు, దండలు తీసెయ్ గానీ టైముల కార్డు కొన్నాళ్లు అలాగే ఉండనీ. రంజాన్ తర్వాతి షవ్వాల్ నెలలో ఆరు రోజాలుంటానన్నావుగా, టైము రోజుకు కాస్త జరుగుతుంది, మసీదులో అడిగి పక్కన పెన్నుతో దిద్దుకుంటే సరి.

మీ దస్తర్‌ఖాన్ ఎంత పొడవు, ఎంత వెడల్పు కావాలో కొలిచి చెప్పు. వచ్చే వారం మా వీధివాళ్లు పొందూరు వెళ్తున్నారు, తెప్పిస్తాను.

దువాలతో,
మీ ఫుప్పూ, విజయనగరం