ముందు తలుపు తెరిచి చూడమ్మా

చి. అమ్మాయికి పెదనాన్న దీవించి రాసేది.

మీ ఇంటి తలుపు హ్యాండిల్ పైకి లేపడానికి రెండు చేతులూ కావాల్సి వస్తోందని, తాళంచెవి సగంలో ఆగిపోతోందని రాశావు. ముందు ఆ బలం వాడటం మానెయ్. హ్యాండిల్ లేపి బిగించే ఈ తాళాలు పాడయ్యేదే అక్కడ.

తలుపు అంచున పైనుంచి కిందిదాకా ఒక లోహపు పట్టీ ఉంటుంది చూడు. హ్యాండిల్ లేపితే మధ్యలో ఉన్న గేర్‌బాక్స్ ఆ పట్టీ వెనకున్న కడ్డీలను కదిలిస్తుంది, పైనా కిందా కొక్కేలు బయటికొచ్చి ఫ్రేమ్‌లోని గాడుల్లో కూర్చుంటాయి. తాళంచెవి వాటిని అక్కడే బిగిస్తుంది, అంతే.

ఇప్పుడు తలుపు బార్లా తెరిచి హ్యాండిల్ లేపు, తాళం తిప్పు. వెన్నలా తిరిగిందా? అయితే తాళం నిక్షేపంలా ఉంది, తలుపే కిందికి జారింది. నేను మొదటిసారి ఈ పరీక్ష చేయకుండానే తాళం మొత్తం కొని బిగించాను. కొత్తదీ పాతదానిలాగే మొరాయించింది! చివరికి చూస్తే తప్పు హింజ్‌లది.

ఎంత జారిందో తెలియాలంటే కొక్కెం అంచుకు కాస్త లిప్‌స్టిక్ పూసి, తలుపు మూసి, హ్యాండిల్ మెల్లగా లేపి చూడు. ఫ్రేమ్ పట్టీ మీద మరక ఎక్కడ పడితే కొక్కెం అక్కడ తగులుతున్నట్టు. గాడి కింది అంచున పడితే తలుపును పైకి లేపాలి. చాలా హింజ్‌లకు అలెన్ కీతో, అంటే వంచిన ఆరుపలకల కడ్డీతో, తిప్పే స్క్రూ ఉంటుంది. ఒకేసారి పావు చుట్టు తిప్పు, మళ్ళీ మూసి చూడు. తొందరపడి నాలుగు చుట్లు తిప్పావంటే మొదటికే మోసం.

తలుపు తెరిచి ఉన్నా బిగుసుకుంటే సంగతి వేరు. తాళం తీసిన స్థితిలో ఉంచి, తలుపు అంచున తాళంచెవి ఎత్తులో ఉన్న పొడవాటి స్క్రూ ఊడదీయి. తాళంచెవిని కొద్దిగా, గడియారం ముల్లు అయిదు నిమిషాలు కదిలినంత, అటూ ఇటూ తిప్పుతూ లాగితే సిలిండర్, అంటే తాళంచెవి దూరే భాగం, బయటికొస్తుంది. అది లేకుండా హ్యాండిల్ హాయిగా కదిలితే సిలిండర్‌దే తప్పు. అప్పుడూ పట్టేస్తుంటే, లేదా లోపల పటుక్కుమని హ్యాండిల్ వట్టిగా తిరిగితే, గేర్‌బాక్స్ పోయినట్టే. హ్యాండిల్ వేలాడిపోతుంటే మాత్రం ఒక్కోసారి అందులోని స్ప్రింగ్ విరిగినదే అయి ఉంటుంది, ముందు అది చూసుకో.

చాలా తాళాల్లో గేర్‌బాక్స్ ఒక్కటే మార్చుకోవచ్చు. పట్టీ మీద చెక్కి ఉన్న పేరు, అంకెలు రాసుకో. రెండు వైపుల హ్యాండిళ్లనూ కలిపే నలుచదరపు కడ్డీ మధ్య నుంచి సిలిండర్ మధ్యకు ఎంతుందో కొలువు. చాలావాటికి 92 మిల్లీమీటర్లు ఉంటుంది, అలాగని కొలవకుండా కొనకు. పట్టీ ముఖం నుంచి ఆ హ్యాండిల్ కడ్డీ మధ్యకూ కొలవాలి. సిలిండర్ అయితే స్క్రూ రంధ్రం నుంచి లోపలికెంత, బయటికెంత అని విడివిడిగా రాసుకో. రెండు వైపులా ఒకటే ఉండాలని లేదు. బయటివైపు హ్యాండిల్ ప్లేటును దాటి పొడుచుకొస్తే దొంగకు పట్టు దొరుకుతుంది.

సిలిండర్‌లో వంటనూనె పోసే తెలివి మాత్రం చూపకు, దుమ్ము పట్టి జిగురవుతుంది. గ్రాఫైట్ పొడి చాలు. కొక్కేలకైతే కాస్త గ్రీజు రాయొచ్చు.

తలుపు తెరిచి ఉన్నా తాళం బిగుసుకుంటుంటే మాత్రం, అది బాగయ్యేదాకా తలుపు మూయకు. మూసి ఉండగా గేర్‌బాక్స్ విరిగితే దాన్ని తెరవడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. కొలతలు, పట్టీ ఫోటో ఈ రాత్రికే పంపు, చూసి చెప్తాను.

మీ పెదనాన్న