నిఖాకు ముందే తేలవలసిన సంగతి

ప్రశ్న: మాది విజయనగరం బాబామెట్ట. మా అమ్మాయి బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. మా పొదుపు సంఘం లెక్కలన్నీ తనే రాస్తుంది. ఎంఏ చేసి కార్పొరేటర్‌గా పోటీ చేస్తానంటోంది. నెల్లిమర్ల నుంచి మంచి సంబంధం వచ్చింది. ఇల్లు, పిల్లలు, పదవి... ముస్లిం ఇంటి కోడలికి ఇవన్నీ కుదిరేవేనా?

జవాబు: అమ్మా, మసూమా బేగం గారు 1960లోనే ముఖ్యమంత్రి సంజీవయ్య గారి మంత్రివర్గంలో మంత్రిగా చేశారు. కాబట్టి కుదురుతుందా అన్నది పాత ప్రశ్నే. మీ ఇంట్లో ఎలా కుదురుతుందన్నదే చూద్దాం.

మీరు గమనించని చిక్కు ఒకటి ఉంది. పోటీ చేయాలంటే 21 ఏళ్లు నిండాలి, ఆ ఊరి ఓటరు జాబితాలో పేరుండాలి. పెళ్లయి నెల్లిమర్ల వెళితే ఓటూ అక్కడికే మారుతుంది. విజయనగరం కార్పొరేటర్ ఆలోచన అంతటితో సరి. అయితే నెల్లిమర్లలోనూ నగర పంచాయతీ ఉంది, అక్కడ పోటీ చేయవచ్చు; మన రాష్ట్రంలో స్థానిక సంస్థల సీట్లలో సగం మహిళలవే. అమ్మాయి కొత్త ఊళ్లో మొదటినుంచీ పరిచయాలు పెంచుకోవాలి, అంతే. గ్రూప్-2 కూడా రాస్తానంటే ఒక మాట చెప్పండి: ప్రభుత్వోద్యోగంలో ఉంటూ ఎన్నికల్లో నిలబడటం కుదరదు. ఏ దారో ముందే తేల్చుకోవాలి.

కొన్నేళ్ల క్రితం ఒక మహిళా సమాఖ్య సమావేశంలో కూర్చున్నాను. అధ్యక్షురాలు మీ అమ్మాయి లాంటిదే. చంటిబిడ్డను అత్తగారు వరండాలో ఆడిస్తున్నారు. తీర్మానాల పుస్తకం రాగానే వెనక నుంచి భర్త చెయ్యి చాచాడు. ఆమె పుస్తకం తన వైపు లాక్కుని, వడ్డీ గడి మీద వేలు పెట్టి, "ఇది తేలాకే సంతకం" అంది. బిడ్డను చూసుకున్న అత్తగారిది సాయం. భర్తది కూడా సాయమేనని అతను అనుకుని ఉంటాడు. ఆ తేడా మీ కాబోయే అల్లుడికి తెలుసో లేదో కనుక్కోండి.

ఎలా కనుక్కోవడం? నిఖా ఒప్పందం కదా, అందులో షరతులు రాసుకోవచ్చు. మెహర్ (వరుడు వధువుకు ఇవ్వవలసిన సొమ్ము) గురించి గంటలకొద్దీ మాట్లాడతాం, చదువు కొనసాగుతుందనీ బయట బాధ్యతలకు అభ్యంతరం ఉండదనీ ఒక్క వాక్యం రాయించడానికి మొహమాటపడతాం. ఖాజీ గారితో ముందే మాట్లాడండి. పెళ్లివారి ముందు ఆ మాట మీరు కాదు, అమ్మాయే చెప్పాలి. నలుగురి ముందు నోరు పెగలడానికి అంతకు మించిన సాధన లేదు.

రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు సమావేశాలు పడతాయేమోనని భయం వద్దు. వేళ మార్చమని అడగవచ్చు, అడిగితే మారుస్తారు కూడా.

ఎంఏ ప్రభుత్వ పాలన (పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్) ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నోలో దూరవిద్యగా చేయవచ్చు, ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది. ప్రవేశాలు జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి. నిఖా తేదీ పెట్టుకునే ముందు ఆ తేదీలు చూసుకోండి.