స్ట్రోక్ తర్వాత ఆ మాత్రలు ఎవరు రాసిచ్చారు?

ప్రశ్న: నా భార్యకు 32 ఏళ్లు. ఐదు నెలల క్రితం మెదడులో రక్తనాళం పూడుకుపోయి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి చాలావరకు కుదురుకుంది, మాట మాత్రం తడుముకుంటోంది. అన్నీ నేనే చేసిపెడుతున్నా చిన్నమాటకే కోపం, ఏడుపు. దగ్గరవుదామంటే మళ్లీ స్ట్రోక్ వస్తుందేమోనని భయం. పిల్లలు ఇప్పుడే వద్దని గర్భనిరోధక మాత్రలు వాడుతోంది. మేం మునుపటిలా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసిన విషయం దగ్గరే నేను ఆగిపోయాను. ఆ మాత్రలు ఎవరు రాసిచ్చారు? స్ట్రోక్ సంగతి తెలిసిన డాక్టరెవరూ మామూలు పిల్స్ ఇవ్వరు. వాటిలో చాలా రకాల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉంటుంది, అది రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటున్నట్టయితే మాత్రం చాలా పొరపాటు చేస్తున్నారు. ఆ ప్యాకెట్ పట్టుకుని ఇవాళే గైనకాలజిస్టును కలవండి, న్యూరాలజిస్టుకూ చెప్పండి. ఈలోగా కండోమ్ వాడండి. రక్షణ లేకుండా మాత్రం ఉండొద్దు, స్ట్రోక్ తర్వాత ఇచ్చే మందుల్లో కొన్ని కడుపులో బిడ్డకు మంచివి కావు. హార్మోన్ లేని కాపర్-టీ లాంటివి ఉన్నాయి, ఆమెకు ఏది సరిపడుతుందో పరీక్షించాకే తేలుతుంది. స్ట్రోక్‌కు ముందు కూడా ఇవే వాడేవారా? అయితే అదీ చెప్పాలి. ఈ వయసులో మెడలోని రక్తనాళం పొర చీలడం, గుండెలో పుట్టుకతో ఉన్న రంధ్రం, రక్తం త్వరగా గడ్డకట్టే జబ్బులు కూడా కారణం కావొచ్చు. ఆ పరీక్షలు జరిగాయో లేదో మీరు రాయలేదు. రిపోర్టులు చూడకుండా ఇంతకుమించి చెప్పడం సరికాదు. రక్తాన్ని పలచబరిచే మందులు మాత్రం సొంతంగా ఆపకండి.

ఇక కోపం, ఏడుపు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. చికిత్సతో తగ్గుతుంది. ఆమె తనంతట తాను చెప్పకపోవచ్చు, డాక్టరు దగ్గర మీరే కదపండి. చావు మాట ఎత్తితే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

మాట తడబడుతోందంటే ఆలోచన తగ్గిందని కాదు. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అప్పుడు మీరు ప్రేమతోనే అందించినా ఆమెకు నోరు మూయించినట్టుంటుంది. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, వచ్చేదాకా ఆగండి. అన్నీ మీరే చేసిపెట్టడమూ మానండి. బొత్తాలు పెట్టుకోవడానికి పావుగంట పట్టినా పట్టనివ్వండి. ఆ చేతికి అదే వ్యాయామం.

బీపీ అదుపులో ఉండి, మామూలు పనులకు డాక్టరు సరేనంటే కలయికకు సాధారణంగా అడ్డేమీ లేదు. దానివల్ల మళ్లీ స్ట్రోక్ రావడం చాలా అరుదు. మొహమాటపడకుండా అడిగి నిర్ధారించుకోండి. సాయంత్రానికి ఆమె అలసిపోతుంది, విశ్రాంతి తీసుకున్న వేళ చూసుకోండి.

మూతి వంకర పోయినా, చెయ్యి జారిపోయినా, మాట ఉన్నట్టుండి ముద్దగా వచ్చినా అది మళ్లీ స్ట్రోక్ కావొచ్చు, కాసేపు చూద్దామనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇవ్వాలి.

మీ నిద్ర గురించి ఒక్క ముక్కా రాయలేదు. వారానికి రెండు పూటలైనా ఆమె దగ్గర ఇంకొకరిని ఉంచి మీరు కాస్త బయటికి వెళ్లిరండి. మీకూ దిగులుగా ఉంటే అదీ ఆ డాక్టరుకే చెప్పండి.